భుజాల మీది పిల్లాడు

"మాతే టీ తాగే సొరబుర్రను సబ్బు పెట్టి తోముతార్రా ఎవరైనా?"

లుద్మిలా నోట్లోది సింకులో ఉమ్మేసింది.

"మురికిగా ఉందని కడిగాను. అదీ తప్పేనా?" అన్నాడు తమ్ముడు గస్తోన్.

"అది మురికి కాదురా, రుచి! ఏళ్ల తరబడి పట్టిన రుచి!"

"పోస్టర్ కుదరక నా మీద పడుతున్నావు. ఏ బుర్ర ఖాళీగా ఉందో మాకు తెలుసులే."

"పొద్దున్నే మొదలెట్టారా ఇద్దరూ!" వాళ్లమ్మ నెలిదా కేక వేసింది.

గస్తోన్ అన్నదాంట్లో అబద్ధం లేదు. గ్రాఫిక్ డిజైనర్‌గా సొంతంగా నిలబడతానని, బ్యూనస్ ఐరిస్‌లో ఉద్యోగం వదిలేసి సముద్రం ఒడ్డునున్న సొంతూరు మార్ దెల్ ప్లాతాకు వచ్చేసింది లుద్మిలా. బీచ్ క్లబ్బు వేసవి పోస్టర్ ఆమెకు దొరికిన తొలి పెద్ద పని. ఇది చెయ్యిజారితే మళ్లీ ఆ పాత ఆఫీసే గతి.

వేసిన బొమ్మలన్నీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి.

"ఇవాళ బొమ్మ దొరక్కుండా ఇంటికి రాను," అంటూ బొమ్మలు గీసుకునే పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరింది.

ఇక్కడ జనవరి అంటే నడివేసవి ఎండ. ఇసుక కనబడనన్ని గొడుగులు.

సూర్యుణ్ణి గీసింది. అలను గీసింది. గొడుగు గీసింది.

"వేసవి అంటే ఇంతేనా అమ్మాయ్?"

వెనక ఒక ముసలాయన. ఇసుకలో కూడా బూట్లు, మెడదాకా గుండీలు.

"ఇంకేం ఉండాలి తాతా?"

"మనుషులు."

"మీ పని మీరు చూసుకోండి."

"అదే చూస్తున్నా," అని ఆయన గొడుగుల మధ్యకి నడిచాడు.

పిల్లలు ఆడుకునే చోటల్లా ఆగుతున్నాడు. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కుంటున్నారు.

"ఏమిటండీ ఈయన, పిల్లల్ని అలా చూస్తాడు?" అంది లుద్మిలా పక్కావిడతో.

కాసేపటికి నీళ్ల దగ్గర ఎర్ర నిక్కరు పిల్లాడొకడు ఒంటరిగా ఏడుస్తున్నాడు.

అందరికన్నా ముందు చూసింది ఆ ముసలాయనే. వంగలేక వంగి, వాణ్ణి భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. వాడు ఆయన చెవులు రెండూ పట్టుకున్నాడు. ఆయన చప్పట్లు మొదలుపెట్టాడు.

పక్క గొడుగు వాళ్లు అందుకున్నారు. ఆ పక్కవాళ్లు, ఆ వెనకవాళ్లు. తీరమంతా ఒకే దరువు.

ఈ తీరంలో పిల్లాడు తప్పిపోతే ఎవరో ఒకరు భుజాలకెత్తుకుంటారు, అందరూ చప్పట్లు కొడతారు. చప్పుడు ఎటు వినబడితే అటు తల్లి పరుగెత్తుకొస్తుంది.

వచ్చింది. పిల్లాణ్ణి లాక్కుని, ముసలాయన వంక అనుమానంగా చూసి వెళ్లిపోయింది.

ఆయన చెమట తుడుచుకుని నవ్వుకున్నాడు.

లుద్మిలా అప్పటికే గీసేస్తోంది. చేతులు, ఎటు చూసినా చేతులే. వాటి మధ్య ముడతల మొహం, భుజాల మీద పిల్లాడు.

చూపిద్దామని తలెత్తేసరికి ఆయన లేడు. ఆ తర్వాత రోజూ వెళ్లి వెతికింది. కనబడలేదు.

క్లబ్బు యజమానికి పోస్టర్ తెగ నచ్చింది.

"ఆ ముసలి మొహం ఒక్కటీ తీసేసి కుర్ర తండ్రిని పెట్టు. సోమవారం అచ్చుకి పంపేద్దాం."

ఆదివారం భోజనాల వేళ, వేడి వేడి రావియోలీ గిన్నె పక్కన, లుద్మిలా ఆ పోస్టర్ పరిచింది.

"మార్చేయక్కా. ఆయన నీకేమైనా చుట్టమా?" అన్నాడు గస్తోన్.

"పేరు కూడా తెలీదు. మొదటి చప్పట్లు మాత్రం ఆయనవి. ఆయన ఉంటేనే పోస్టర్, లేకపోతే లేదు. రేపు ఆ మాటే చెప్పేస్తాను."

"వద్దంటే?"

"బ్యూనస్ ఐరిస్ బస్సెక్కుతాను. మొహం మాత్రం తుడవను."

వడ్డిస్తున్న నెలిదా చెయ్యి పోస్టర్ మీద ఆగిపోయింది.

"ఈయన మన రేవు పేట అన్సెల్మో కదే! గురువారం పోయాడు. వీధివాళ్లే దగ్గరుండి సాగనంపారు."

లుద్మిలా రావియోలీ గిన్నెను పోస్టర్‌కి దూరంగా జరిపింది.

"పిల్లలున్నారా అమ్మా?" అంది లుద్మిలా మెల్లగా.

"పెళ్లే చేసుకోలేదు."

"మరి బీచ్‌లో ఎవరి పిల్లల కోసం తిరిగేవాడు?"

నెలిదా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మాటలు సరిగ్గా రాని వయసులో ఆయన్నీ ఎవరో ఇలాగే భుజాలకెత్తుకుంటే, దీపాలు వెలిగేదాకా తీరమంతా చప్పట్లు కొట్టింది, ఆయన కోసం ఎవరూ రాలేదు."