ఖారీని వాపసిచ్చే పని

"నేను సంతకం పెట్ట. పోయి వాపసిచ్చొస్తా," అంటూ పోచయ్య చెప్పుల కోసం వంగాడు.

ఎడమ చెప్పు మీద ఖారీ అప్పటికే కూర్చుని ఉంది. సగం పామెరేనియన్, మిగతా సగం ఏమిటో దాని తల్లికే తెలియాలి. ఒక చెవి నిలబడుతుంది, ఇంకోటి పడుకుంటుంది. రంగు చూసి, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు హైందవి దానికి చాయ్‌లో ముంచుకునే ఖారీ బిస్కెట్ పేరు పెట్టింది. ముందురోజే అబిడ్స్‌లోని ఒక కుక్కల సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చారు. వాళ్ల షరతు ఒకటే. పదిహేను రోజులు పెట్టుకుని చూడాలి. కుదిరితే ఇంటిపెద్ద వచ్చి సంతకం పెట్టాలి, కుదరకపోతే తెచ్చి ఇచ్చేయాలి.

నాంపల్లిలోని ఆ రెండు గదుల ఇంటికి పెద్ద పోచయ్యే. హైందవి ఏడుపు లంకించుకుంది. కోడలు నర్మద మాత్రం ఫోన్ తీసుకుని వంటింట్లోకి దూరింది. కేంద్రంలో రిజిస్టరు చూసే చంద్రిక కాలేజీలో ఆమెకు జూనియర్.

"చంద్రికా, మా మామ కుక్కను పట్టుకొని వస్తున్నడు. జర తీస్కోకు."

"ఏం చెప్పాలక్కా?"

"రేపు రమ్మను. గా మాట మామకు మంచిగ అర్థమైతది."

ఎందుకు అర్థం కాదు? సర్కారు ఆఫీసులో గుమాస్తాగా ముప్ఫై ఏళ్లు ఆయన జనానికి చెప్పింది ఆ మాటే.

కానీ నర్మదకు ఇంకో గుబులు పట్టుకుంది. ఈ మనిషి అబిడ్స్ దాకా పోకుండా రైల్వేస్టేషన్ దగ్గరే దాన్ని వదిలేసి వస్తే? కొంగు దోపుకుని వెనకే బయల్దేరింది. ఆర్నెల్ల కిందట తనను డాక్టరు నడవమంటే వంటింట్లో తిరిగేది చాలదా అని కసురుకున్న మనిషి, ఇరవై అడుగుల దూరంలో కరెంటు స్తంభాల చాటున రొప్పుతూ నడిచింది. పోచయ్య కేంద్రంలోకి వెళ్లి, పావుగంటకు ఖారీతో సహా బయటికొచ్చాడు. నర్మదకు ప్రాణం లేచొచ్చింది. ఆటో ఎక్కి ఆయనకంటే ముందే ఇల్లు చేరింది.

"ఏమైంది మామా?" అంది ఏమీ ఎరగనట్టు.

"సారు లేడంట బిడ్డా. రేపు రమ్మన్నరు."

మర్నాడు కంప్యూటరు పనిచేయలేదు. ఆ మర్నాడు స్టాంపు దొరకలేదు. నాలుగో రోజు ఫారాలు అయిపోయాయి. పోచయ్య ఒక్కనాడూ కోప్పడలేదు. "ఆఫీసన్నంక గట్లనే ఉంటది," అన్నాడు తోటి ఉద్యోగుల మీద గౌరవంతో.

అలా వెనక నడుస్తుండగానే నర్మదకు ఖారీ గుణాలన్నీ తెలిసొచ్చాయి. బస్సు హారన్ కొడితే అది పోచయ్య కాళ్ల మధ్య దూరుతుంది. ఏ ఆటో ఆగినా తన కోసమే అనుకుని ఎక్కబోతుంది. ఇరానీ హోటల్ ముందు కూలబడితే అర బిస్కెట్ పడేదాకా లేవదు. పోచయ్య తిట్టుకుంటూనే ఆ అర బిస్కెట్ వేస్తాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, నాలుగడుగులకోసారి అది వెనక్కి తిరిగి నర్మద దాక్కున్న చోటు చూసి తోక ఊపేది.

"ముంగట చూసి నడువు. ఎనక ఏమున్నది నీకు?" అనేవాడు పోచయ్య, తను మాత్రం తిరక్కుండా.

నర్మద కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకునేది. ఐదో రోజు అబిడ్స్‌లో బూట్లు కొనుక్కుంది. పదో రోజుకు రొప్పు తగ్గి, పక్క సందులోంచి పరుగెత్తి మలుపు దగ్గర ముందే పొంచి ఉండటం నేర్చింది. సాయంత్రం హైందవి బడి నుంచి రాగానే ఆనాటి ముచ్చట అభినయించి చూపేది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే మధ్యలో ఖారీ గిరగిరా తిరిగేది. పెళ్లయిన పదిహేనేళ్లలో నర్మద ఇంత సంబరం ఎరగదు. అది పోతే ఈ సంబరమూ పోతుందని తలుచుకున్నప్పుడల్లా ఖారీని ఒళ్లోకి లాక్కునేది.

పదిహేనో రోజు రానే వచ్చింది.

"ఇయ్యాల ఆఖరు. ఇచ్చుడో, సంతకం పెట్టుడో, తేల్చుకొనే వస్తా," అని పోచయ్య గడప దాటాడు.

చంద్రిక ఫోన్ ఎత్తలేదు. నర్మద ఆ వేళ చాటు సంగతి కూడా మరిచిపోయి నడిచింది. అరగంట తర్వాత పోచయ్య కేంద్రంలోంచి బయటికొచ్చాడు. చేతులు ఖాళీ. తాడు భుజాన వేసుకుని, తాపీగా రోడ్డు దాటి ఇరానీ హోటల్లోకి వెళ్లి చాయ్ చెప్పాడు.

నర్మద ఒక్క ఉరుకున లోపలికి పోయింది.

"చంద్రికా, కుక్కేది?" అంది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"లోపల సూది వేస్తున్నరక్కా. ఐదు నిమిషాల్ల ఇస్తరు."

"ఇస్తరా? మరి మామ వాపసు..."

చంద్రిక రిజిస్టరు ఇటు తిప్పింది. ఖారీ పేరు ఎదురుగా పోచయ్య సంతకం గుండ్రంగా ఉంది. పక్కన తారీఖు పద్నాలుగు రోజుల కిందటిది.

"ఆ రోజు నిజంగనే ఇచ్చేద్దామని వచ్చిండక్కా. నేను రేపు రమ్మన్న. ఆయన కిటికీల నుంచి బయటకు చూసిండు. స్తంభం చాటున నువ్వు రొప్పుకుంట నిలబడ్డవు. కొద్దిసేపు అట్లనే చూసి, పెన్ను అడిగి సంతకం పెట్టిండు. ఇయ్యాల్టి దాకా నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వేయించుకున్నడు."

"సంతకం పెట్టినంక రోజూ గీ తిరుగుడేంది మరి?"

"నేనూ గదే అడిగిన."

చంద్రిక నవ్వాపుకుని, పోచయ్య గొంతుతోనే ఆయన జవాబు అప్పజెప్పింది.

"డాక్టరు చెప్తే నడువని మా కోడలు, దీనెనక నడుస్తున్నది బిడ్డా."