దారి దిగిన కారు

"తాళం ఏది?" అన్నాడు అల్లుడు, డ్యాష్‌బోర్డు మీద తడుముకుంటూ.

ఎదురుగా, నాలుగడుగులు వేస్తే అందేంత దూరంలో, గడ్డిలో ఆడసింహం పడుకుని ఉంది. పడుకుందంటే నిద్రపోతోందని కాదు. తల ఎత్తి, చెవులు నిక్కించి, కారునే చూస్తోంది.

"ఇంజన్ ఆపి, తాళం తీసి, ఇదిగో ఇక్కడే పెట్టాను."

"నడుం దాకా కిటికీలోంచి బయటికి వాలి ఫొటోలు తీశారుగా. మోచెయ్యి తగిలి కింద పడుంటుంది," అంది వెనక సీట్లోంచి భార్య. "గేటు దగ్గర వాళ్ళు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. మీరు వింటేగా."

ఈ అడవిలో ఎవరి కారు వాళ్ళే నడుపుకోవచ్చు. కాకపోతే మట్టిదారి దిగకూడదు, జంతువుకి ఎడంగా ఆగాలి, అద్దాలు ఎక్కించుకుని చూడాలి. అన్నిటికీ బుద్ధిగా తల ఊపి వచ్చాడు అల్లుడు. తీరా సింహం కనపడగానే, "అంత దూరం నుంచి చూస్తే అది సింహమో గొర్రో ఎవడికి తెలుస్తుంది," అంటూ కారుని గడ్డిలోకి పోనిచ్చి, సరిగ్గా పొద పక్కన ఆపాడు. మోకాళ్ళ నొప్పులని ముందు సీట్లో కూర్చున్న అత్తగారు, "ఇక్కడిదాకా ఎందుకు బాబూ," అని ఒక మాట అంది. ఇంట్లోనే ఆవిడ మాట చెవిన పెట్టనివాడు అడవిలో పెడతాడా.

చేత్తో తిప్పే అద్దాలు బిగించి సీట్ల కింద వెతికారు. పాత టోల్ రసీదులు, ఎండిపోయిన నిమ్మకాయ, ఎప్పుడో పోయిందనుకున్న చెవిదుద్దు దొరికాయి. తాళం మాత్రం దొరకలేదు.

అతను అటవీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అవతలివాళ్ళ గొంతులో కంగారేమీ లేదు. "తలుపు తీయకండి. హారన్ కొట్టకండి. కదలకుండా కూర్చోండి. మా బండి ఏటి అవతల ఉంది, చుట్టు తిరిగి రావాలి. ఆలస్యమవుతుంది."

ఎండ నడినెత్తికి వచ్చింది. అద్దాలన్నీ మూసిన కారు మూత పెట్టిన గిన్నెలా ఉడుకుతోంది. సింహం లేచి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది.

"అసలిది వెళ్ళదేంటి?" అన్నాడు అతను, గొంతు తగ్గించి.

"ఫొటోలు ఎలా వచ్చాయో చూసుకుని వెళ్దామని కాబోలు," అంది భార్య. ఆ మాట అన్నదే గాని, కిటికీకి ఎడంగా సీటు మధ్యకి జరిగింది. అతను అద్దంలో అది చూశాడు. వద్దంటున్నా ఈ ఇద్దర్నీ ఇక్కడిదాకా తెచ్చి పడేసింది తనే.

ముందు చక్రం పక్కన గడ్డిలో ఏదో తళుక్కుమంది.

"అదిగో తాళం. తలుపు ఓరగా తీసి చెయ్యి చాపితే చాలు," అంటూ అతను తలుపు పిడి పట్టుకున్నాడు.

సింహం చటుక్కున లేచి నిలబడింది.

అత్తగారు అతని మణికట్టు పట్టుకుంది. అల్లుడి ఎదుట కుర్చీ కూడా చప్పుడు కాకుండా జరుపుకునే మనిషి ఆవిడ. ఆ పట్టుకి అతని గడియారం చర్మంలోకి దిగింది. "తీయడానికి వీల్లేదు."

"ఇలాగే ఉంటే ఉడికిపోతాం అత్తయ్యా."

"ఉడికితే ఉడుకుదాం. చెయ్యి తీయండి."

అతను చెయ్యి తీశాడు. సింహం మాత్రం కూర్చోలేదు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ కారు దగ్గరికే వచ్చింది. దాని కాలు తగిలి ఆ మెరిసే వస్తువు బోర్లా పడింది. తాళం కాదు, ఎవరో తిని పారేసిన చిప్స్ పొట్లం. దానికోసమా తను చెయ్యి బయట పెట్టబోయింది అనుకుంటూ అతను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

సింహం తల బానెట్ అంచున కిందికి వంగి కనపడకుండా పోయింది. గుర్రుమని ఒక మూలుగు వాళ్ళ అరికాళ్ళ కింద నుంచి వినిపించింది. భార్య వెనక నుంచి అతని భుజం గట్టిగా పట్టుకుంది. పై ప్రాణాలు పైనే పోయాయి ముగ్గురికీ.

కారు కింద నుంచి కుక్కపిల్లంత సింహపు కూన, నిద్రకళ్ళతో, ఒళ్ళు విరుచుకుంటూ బయటికి వచ్చింది. తల్లి దాన్ని మెడ దగ్గర నోట కరుచుకుని, కారు వంక మళ్ళీ చూడనైనా చూడకుండా పొదల్లోకి వెళ్ళిపోయింది.

"ఇంతసేపూ అది మన కిందే ఉందా?" అంది భార్య.

అల్లుడు స్టీరింగ్ మీద తల ఆనించాడు. "తాళం దొరికుంటే బండి తీసేవాణ్ణే. ఆ కూన చక్రం కింద పడేది. ఆ తర్వాత తల్లి మనల్ని బతకనిచ్చేదా?" అంటూ తలెత్తి రెండు చేతులూ జోడించాడు. "దేవుడే ఆ తాళాన్ని మాయం చేశాడు."

"దేవుడు కాదు బాబూ, నేనే," అంటూ అత్తగారు చెమటకి తడిసిన తాళాన్ని పిడికిట్లోంచి తీసి అతని చేతిలో పెట్టింది. "కూన కారు కిందికి దూరడం పక్క అద్దంలో చూశాను. చెబితే దాంతో ఫొటో అంటూ మీరు కిందికి దిగుతారని చెప్పలేదు."