నూటికి నూరు

టీ గదిలో అండాలమ్మ ముందు పదీ పన్నెండు ఫోన్లు వరసగా పరిచి ఉన్నాయి.

ప్రసన్నకుమార్‌ను చూడగానే వాటి మీద తువ్వాలు కప్పింది.

ఎల్బీనగర్‌లోని ఆ పార్శిల్ కంపెనీ ఆఫీసులో సిబ్బందికి శిక్షణ ఇచ్చే విభాగానికి అతను పెద్ద. ఆమె టీ కాచి, గ్లాసులు కడిగే మనిషి.

"ఎవరివివి?"

"సార్లయి, మేడమ్‌లయి."

"నీ దగ్గరెందుకున్నాయి?"

ఆమె గుమ్మంలో నిలబడ్డ శేఖర్ వైపు చూసింది.

"శేఖర్ సారూ, జర చెప్పుండ్రి."

శేఖర్ నేల చూపులు చూశాడు. "నాది ఛార్జింగ్ పెట్టిన సార్. గీడికి ఎట్ల ఒచ్చిందో తెల్వది."

అతని వెనకే వచ్చిన క్లర్కు విజయశ్రీ కూడా తెలియదంది. ఆ తర్వాత మిగతా వాళ్ళందరికీ ఆ మాట సులువైంది.

అండాలమ్మ శేఖర్‌నూ విజయశ్రీనీ మార్చి మార్చి చూసింది.

ప్రసన్నకుమార్‌కు ఆ పూట గొడవలు పనికిరావు. పన్నెండింటికి హెడ్డాఫీసు వాళ్ళు అతనికి షీల్డు ఇవ్వడానికి వస్తున్నారు. ఆపదలో ఉన్న మనిషి ప్రాణం ఎలా కాపాడాలో నేర్పే ఆన్‌లైన్ పాఠాలు తయారుచేశాడు మరి. లోపలి విషయం డాక్టర్లది. సంగీతం, రంగులు, సరైన జవాబుకు వెలిగే పచ్చ బటన్ మాత్రం అతనివే. వీడియో ముందుకు జరపకుండా కట్టడి చేశాడు. పూర్తి చేయనివాళ్ళకు ఇంక్రిమెంటు లేదన్నాడు. ఇప్పటిదాకా వచ్చిన పాఠాలన్నిటిలో నలభై మందికీ నూటికి నూరొచ్చాయి. ఆ సర్టిఫికెట్లు గోడ నిండా వేలాడుతున్నాయి.

"పోలీసులకు అప్పగించట్లేదు, సంతోషించు. ఇక ఇక్కడ కనపడకు."

అండాలమ్మ కదల్లేదు. అతని మొహంలోకే చూస్తోంది.

"సార్, ఏసీల గూడ మీకు చెమటలు పోస్తున్నయి. దవడ గుంజుతున్నదా?"

నిజమే, పొద్దుట్నుంచీ గుంజుతోంది. ఎడమ చెయ్యీ బరువుగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో తిన్న పూరీల పుణ్యమే అనుకున్నాడు.

"దొంగతనం ఒక్కటే అనుకున్నాను. వైద్యం కూడా చేస్తావా?"

"కూసోండ్రి సార్. జల్ది దవాఖానకు పోవాలె."

అందరూ నవ్వారు. శేఖర్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆమె వెళ్ళిన పది నిమిషాలకు కిందనుంచి వాచ్‌మన్ జంగయ్య ఫోన్ చేశాడు.

"సార్, అండాలమ్మ పోతలేదు. మీ పానం మంచిగ లేదంట. పైకి పంపుమంటున్నది."

"ఆవిడ మెట్టెక్కిందంటే నీ ఉద్యోగం కూడా పోతుంది."

ఫోన్ పెట్టేసి లేవబోయాడు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. సర్టిఫికెట్ల కిందే కుప్పకూలాడు.

నలభై మందీ చుట్టూ మూగారు.

"ఫిట్స్. చేతిల తాళాలు పెట్టుండ్రి."

"కాదు, గ్యాస్. సోడా తాపుండ్రి."

"లేపి నడిపియ్యుండ్రి."

ఎవరో బండి తాళాలు అతని పిడికిట్లో కుక్కారు. సోడా ముక్కుల్లోకి పోయింది. ఇద్దరు చంకల్లో చేతులు వేసి లేపి నాలుగడుగులు ఈడ్చారు. ఇదంతా తప్పని అతనికి తెలుసు, తన పాఠాల్లోనే ఉంది. ఏం చేయాలో మాత్రం గుర్తుకు రాలేదు. పచ్చ బటన్ ఒక్కటే గుర్తొచ్చింది.

కింద గేటు దగ్గర జంగయ్య ఎవరినో కసురుతున్నాడు.

"గిది నాలుగో పాఠంల ఉన్నది కదా? ఏం జెయ్యాల్నని ఉండె అండ్ల?" విజయశ్రీ అడిగింది.

శేఖర్ మెల్లగా అన్న మాటే ప్రసన్నకుమార్ చెవిన పడ్డ ఆఖరి మాట.

"మనమెవ్వలం చూసినం? అందరి ఫోన్లల్ల పాఠాలు చూసింది, జవాబులు నొక్కింది అండాలమ్మనే కదా."