ఆఖరి గదిలో పరీక్ష

"పోయినసారి ఇదే సూది వేయించుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక చచ్చి బతికానమ్మా" అన్నాడు మంచం మీది ముసలాయన, లేని దగ్గు తెచ్చుకుని దగ్గుతూ.

"ఏం ఫర్వాలేదు తాతా, జ్వరం చిటికెలో దిగిపోతుంది" అంది తెల్లకోటు అమ్మాయి. కాగితం మీద మళ్ళీ అదే మందు రాసింది.

మూల కుర్చీలో కూర్చున్న డాక్టరమ్మ వద్దని అరవబోయి నోరు నొక్కుకుంది. పరీక్ష జరుగుతుండగా పరీక్షకులు పెదవి విప్పకూడదు.

అది కాబోయే డాక్టర్లకు ఆఖరి ఏడాది పరీక్ష. వరసగా గదులు, గదికో రోగి, మూలన ఒక పరీక్షకుడు. గంట కొట్టగానే విద్యార్థులు ఒక గదిలోంచి పక్క గదిలోకి వెళ్ళాలి. డాక్టరమ్మకు చిట్టచివరి గది ఇచ్చారు. పరీక్షకురాలిగా కూర్చోవడం ఆమెకిదే మొదలు. రోగులంతా ఉత్తుత్తి రోగులే. ఈ గదిలో వేషం కట్టినాయన కాలేజీ బండి తోలి రిటైరైన డ్రైవరు. పొద్దుట్నుంచీ మూలిగి మూలిగి పాపం నిజంగానే నీరసపడిపోయాడు.

గంట మోగింది. అమ్మాయి నమస్కారం పెట్టి బయటికి నడిచింది. ముసలాయన లేచి కూర్చున్నాడు.

"నిజం జబ్బే అయ్యుంటే ఈపాటికి నన్ను నలుగురూ మోసుకెళ్తుండేవాళ్ళు మేడమ్."

డాక్టరమ్మకు నవ్వు రాలేదు. ఆ ఒక్క తప్పూ పక్కనపెడితే అమ్మాయి అన్నీ సక్రమంగానే చేసింది. చేతులు కడుక్కుంది, నాడి చూసింది, అడగాల్సినవన్నీ అప్పజెప్పినట్టు గడగడా అడిగింది. మార్కులు కూడితే పాసే. కానీ మార్కుల కాగితం అడుగున ఒక గడి ఉంది. ఈ విద్యార్థి చేతిలో రోగి ప్రాణానికి ముప్పుందని తోస్తే అక్కడ టిక్కు పెట్టాలి. పెడితే కూడికలన్నీ గాలికి పోతాయి. మళ్ళీ ఏడాదంతా చదవాల్సిందే.

పెన్ను తియ్యబోతుంటే తలుపు కదిలింది. ఆ అమ్మాయే. కళ్ళనిండా నీళ్ళు.

"పొరపాటైపోయింది మేడమ్. బయటికెళ్ళాక తట్టింది."

"ఇప్పుడు లోపలికి రాకూడదమ్మా."

"ఇది మూడోసారి మేడమ్. ఈసారి కూడా తప్పితే నేనింటికి వెళ్ళను."

"ఇంటికెళ్ళక ఎక్కడికెళ్తావ్?"

అమ్మాయి డాక్టరమ్మ వంక ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది.

పక్క గది పరీక్షకుడు గుమ్మంలోంచి తొంగిచూశాడు. ఒకప్పుడు ఆమెకు పాఠాలు చెప్పిన పెద్దాయన.

"ఏం తల్లీ, ముఖంలో నెత్తురుచుక్క లేదు?"

ఆమె జరిగింది చెప్పింది.

"దానికింత ఆలోచనా? పాస్ చేసి పారెయ్. బయటికెళ్ళాక దెబ్బలు తిని నేర్చుకుంటారు."

"దెబ్బలు తినేది రోగులు కదండీ."

"రోగుల సంగతి తర్వాత. ఈ పిల్ల రేపు ఏ అఘాయిత్యమో చేసుకుంటే అందరూ నీ వైపే వేలు చూపిస్తారు. పసిపిల్లల తల్లివి, లేనిపోనిది నెత్తికెందుకు చుట్టుకుంటావ్?" అని ఆయన వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మకు భయమేసింది. ఒకటి కాదు, రెండు భయాలు. కళ్ళు తెరిస్తే ఆ అమ్మాయి చూపు. మూసుకుంటే, ఎక్కడో ముక్కూముఖం తెలియని మనిషి చొక్కా చెయ్యి మడిచి, డాక్టరు కదా అని నమ్మి చెయ్యి చాపుతున్నట్టు ఉంది. ఊపిరి బిగబట్టి గడిలో టిక్కు పెట్టింది.

పెట్టాక కూర్చోలేకపోయింది. కాగితం పట్టుకుని వరండాలోకి పరుగున వచ్చింది. ఆయా నేల తుడుస్తోంది.

"ఇప్పుడొక అమ్మాయి ఏడుస్తూ వెళ్ళింది, చూశావా?"

"పైకెళ్ళిందమ్మా. తడి ఉంది జాగ్రత్తని అరిచినా వినిపించుకోలేదు."

పైన డాబా ఉంది. డాక్టరమ్మ 'దేవుడా, కాగితం చింపేస్తాను, ఆ పిల్ల దక్కితే చాలు' అనుకుంటూ మెట్లెక్కింది. డాబా తలుపుకి తాళం వేలాడుతోంది. గోడకు ఆనుకుని, పోయిన ప్రాణం వెనక్కి తెచ్చుకుని, ఒక్కో మెట్టూ దిగింది.

డాబాకి సరిగ్గా కింది అంతస్తులో ప్రిన్సిపాల్ గది తలుపు తీసి ఉంది. అమ్మాయి ఆయన ఎదురుగా కూర్చుని ఉంది. ఫిర్యాదు చేసిందన్నమాట. బతికే ఉందన్న సంతోషం తీరకముందే కొత్త దడ మొదలైంది.

"రండి" అన్నాడు ప్రిన్సిపాల్. "ఈ అమ్మాయి కాగితం ఇలా ఇవ్వండి."

ఇచ్చింది. ఆయన అడుగు గడి దగ్గర ఆగాడు.

"ఇది ఇంకా నాకు చేరనట్టే లెక్క. మార్చుకుంటారా?"

ఉద్యోగం కళ్ళముందు తిరిగింది.

"మార్చను సార్. సాయంత్రాలు నా పక్కన కూర్చోబెట్టుకుని నేనే నేర్పిస్తాను, ఎన్నాళ్ళు పట్టినా సరే. కానీ ఇవాళ మాత్రం ఈ పిల్ల చేతికి సూది ఇవ్వలేను."

అమ్మాయి తలొంచుకుని కళ్ళు తుడుచుకుంది. ప్రిన్సిపాల్ ఆమె వైపు తిరిగాడు.

"ప్రతి గదిలోనూ ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటి చేశావు కదా. ఈ కాగితాల్లో చూడు, మిగతావాళ్ళేం చేశారు?"

"అందరూ పాస్ చేసేశారండీ" అంది, పరీక్షకుల్ని పరీక్షించడానికి ఆయన పిలిపించిన నాటకాల నటి.