ఓపికున్న డబ్బా

"గా పుల్ల... వద్దు... బిడ్డా. డబ్బా... తీస్కో."

ఉదయలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర టీవీల షాపు. గోడకున్న పెద్ద టీవీ ముందు ప్లాస్టిక్ స్టూలు మీద ఒక ముసలాయన. నలిగిన చొక్కా, చేతిలో రిమోటు.

ముక్కూ మొహం తెలియనివాడు బిడ్డా అనడమేమిటి? ఆమె చేతిలోని చీటీ చూసుకుంది.

వారం రోజులు ఫోన్లో చదివి, చీటీ మీద రాసుకుని మరీ వచ్చిందామె. పాత టీవీలో కూడా కావలసినవన్నీ చూపించే పరికరాలు రెండు రకాలు. టీవీ వెనక పుల్లలా గుచ్చేసేది స్టిక్కు, పక్కన డబ్బాలా పెట్టుకునేది బాక్సు. స్టిక్కుకి వేగం ఎక్కువ. వైర్ల గోల లేదు. బాక్సు మీద దుమ్ము పడుతుంది. తుడవాల్సింది ఎటూ తనే.

రెండు రిమోట్లకీ మైకుంది. నోటితో చెబితే టీవీ పెడుతుంది. ఆమెకి ముఖ్యంగా కావలసింది అదే.

అత్తగారు హనుమాయమ్మకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. ఎడంచెయ్యి బాగానే ఉంది. మాట రాలేదు. ఆరు నెలల్లోపు మాట్లాడించుకోకపోతే ఇక కష్టమన్నాడు డాక్టరు. మనుషుల ముందు నోరు విప్పాలంటే ఆవిడకి సిగ్గు. యంత్రం ముందు సిగ్గేముంటుందని ఉదయలక్ష్మి ఆశ.

"ఎవలు... మాట్లాడుతరు... దీంతోని?"

అందరూ ఎవరు చూస్తారని అడుగుతారు. ఈయన ఎవరు మాట్లాడతారని అడిగాడు. ఆ తేడా ఆమె గమనించలేదు.

"మా అత్తగారు. ఆవిడకి మాట సరిగ్గా రాదు. ఇక చాలా?"

ఆయన మొహం వికసించింది.

"అయితే... పుల్ల వద్దే వద్దు. గది... నడిమిట్లనే... మాట కోస్తది. డబ్బాకు... జర ఓపిక. ఆగుతది."

"మిషన్లకి ఓపికేమిటండీ, విడ్డూరం కాకపోతే!"

ఒక్కో మాటా సాగదీసి సాగదీసి వదులుతున్నాడు. కోస్తా నుంచి వచ్చి చైతన్యపురిలో ఇరవై ఏళ్ళయినా ఇక్కడి యాస ఆమె చెవికి పూర్తిగా పట్టుబడలేదు. వీళ్ళ మాటతీరే అంత అనుకుంది. లేదా పొద్దున్నే కల్లు పడి ఉండాలి.

"నేనొస్త... బిడ్డా. గామెతోని... మాట్లాడిపిస్త. మీ ఇల్లు... యాడ?"

ఆమెకి ఒళ్ళు మండింది. ఇల్లెక్కడో అడుగుతాడా!

నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళింది. కొత్తగా వచ్చిన మేనేజరు ఫోను చూసుకుంటున్నాడు.

"ఏమండీ, పట్టపగలు తాగొచ్చి కస్టమర్లని పీడిస్తుంటే చూస్తూ కూర్చుంటారా? ఆడవాళ్ళు మీ షాపుకి రావద్దా?"

మేనేజరు గబుక్కున లేచాడు.

"ఏయ్ పెద్దాయనా, లెవ్. రేపటి సంది ఈడ కనపడొద్దు."

ముసలాయన ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. మాట బయటికొచ్చేలోగా మేనేజరు ఆయన చేతిలోంచి రిమోటు లాగేసుకున్నాడు.

ఉదయలక్ష్మి స్టిక్కు కొనుక్కుని ఇంటికెళ్ళింది.

హనుమాయమ్మ ఎడంచేత్తో రిమోటు పట్టుకుంది. మైకు నొక్కింది.

"హ... హ..."

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి," అంది టీవీ.

"హ... రి..."

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

"హరికథేగా అత్తయ్యా? ఇలా తెండి, అవతల పాలు పొంగిపోతున్నాయి," అంటూ ఉదయలక్ష్మి రిమోటు అందుకుని గబగబా చెప్పేసింది.

హరికథ వచ్చింది. అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుంది.

నాలుగో రోజుకి ఆవిడ రిమోటు ముట్టడం మానేసింది. పదో రోజుకి మంచినీళ్ళు అడగడానికి పడే అవస్థ కూడా మానేసి, గ్లాసు వైపు వేలు చూపడం మొదలుపెట్టింది.

ఆ వేలు చూశాక ముసలాయన అన్న మాట గుర్తొచ్చింది ఉదయలక్ష్మికి. నడిమిట్లనే మాట కోస్తది.

మర్నాడు మళ్ళీ షాపుకి వెళ్ళింది. కౌంటర్లో భావన అనే అమ్మాయి ఉంది.

"ఈ స్టిక్కు మార్చి బాక్సు ఇస్తావా అమ్మా? ఇంకో మాట... ఆ స్టూలు మీద ఒకాయన కూర్చునేవాడే, ఏడీ? ఇంటికొచ్చి మా అత్తగారితో మాట్లాడిస్తానన్నాడు. ఆయన్నీ పిలుద్దామని."

"బాలనర్సయ్య తాతనా? ఇప్పుడొస్తలేడు మేడమ్."

"నా వల్లేనేమో. తాగి ఉన్నాడని నేనే..."

భావన చేతిలో పని ఆపేసింది.

"గా మేడమ్ మీరేనా? నేను సెలవుల ఉంటి. కొత్త సారుకేమో ఏం తెల్వదు. తాగుడేంది మేడమ్, గాయిన చాయ్ గూడ ముట్టడు!"

"పోనీ ఇల్లెక్కడ? నేనే వెళ్ళి బతిమాలుకుంటాను."

"ఎల్‌బీ నగర్ల కిరాయికుండె. నేను పోయి చూసిన. ఖాళీ చేసి పోయిండంట. ఏ ఊరో ఇంటోళ్ళకు గూడ ఎరుక లేదు."

"ఫోను?"

"మాట అందదని ఫోనే పెట్టుకోలే."

ఉదయలక్ష్మి స్టూలు కోసం చూసింది. అక్కడ ఇప్పుడు వాషింగ్ మెషిన్ ఉంది.

"మరి ఆ సాగదీయడం... మీ యాసే అంత అనుకున్నానమ్మా."

భావన ఆమెను ఎగాదిగా చూసింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేనట్టు నెమ్మదిగా చెప్పింది.

"పోయినేడు పక్షవాతమొచ్చి గాయినకు ఒక్క మాట గూడ లేకుండె మేడమ్. ఏడాది పొడుగునా దినాం ఈడ కూసోని, గీ బాక్సుతోని మాట్లాడి మాట్లాడి మల్ల తెచ్చుకున్న మాటలవి."