బయటి దారి మూసిన రాత్రి

ధర్మవరంలోని ఆ సంస్థ పట్టుచీరల డిజైన్లన్నీ క్లౌడ్‌లో దాచుకుంటుంది. రాత్రిళ్లు ఎవరో అందులోకి చొరబడుతున్నారని, బయటి ఇంటర్నెట్ దారిని మూసేయమన్నారు. ఇకపై క్లౌడ్‌కు ఒక్కటే సొంత దారి, అదీ ఆఫీసులోని ఈ గదిలో ఉన్న కంప్యూటర్ నుంచే. ఆ పని ముగిసేసరికి, అక్కడి కంప్యూటర్లు చూసుకునే సుచిత్రకు కళ్లు మూతలు పడుతున్నాయి. వీధిలో మగ్గాల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

హిందూపురం నుంచి తోటి ఉద్యోగి అశోక్ ఫోన్ చేశాడు.

"దారి మూసేసినావామ్మా?"

"మూసేసినా అన్నా. ఇంటికి పోతాండా."

"మరి ఇప్పుడే క్లౌడ్‌లోకి కొత్త డిజైన్ ఎక్కినట్టు మెసేజ్ వచ్చిందే. నువ్వేనా?"

"నేను కాదన్నా."

విసుగ్గా తెరిచి చూసింది. అంచు పొడవునా హంసలు. ఒక్క హంస మాత్రం వెనక్కి తిరిగి ఉంది. చీరకు దిష్టి తగలకూడదని అలా తిప్పి గీసేవాడు ఇక్కడి పాత డిజైనర్ ఆదెప్ప ఒక్కడే. పోయినేడు ఈ కుర్చీలోనే ప్రాణం వదిలాడు.

ఆమె చెప్పింది విని అశోక్ గొంతు తగ్గించాడు.

"నువ్వు మూసేటప్పటికే లోపల ఉండాడేమోమ్మా," అన్నాడు. "ఇంక యాడ నుంచి బయటికొస్తాడు?"

సుచిత్ర కుర్చీలోంచి మెల్లగా లేచింది. మిగిలిన దారి ఈ గదిలోకే.