మే నెలలో లేని కారు

"కట్టెయ్ అన్నా, పీడా పోతుంది. కావాలంటే సగం నేను వేసుకుంటా," అన్నాడు శశికాంత్.

ఉత్తరం చదువుతున్న రఘువీర్ తలెత్తి చూశాడు. ప్లెయిన్స్‌బరోలో ఒకే అపార్ట్‌మెంటులో ఏడాదిగా ఉంటున్నారిద్దరూ. టీపొడి అయిపోతే నీ వంతంటే నీ వంతని అరగంట వాదించే శశికాంత్, తనది కాని జరిమానాలో సగం కడతానంటున్నాడు! ఎక్కడో తేడా కొట్టింది.

ఉత్తరం ఇండియన్ గ్రోసరీ పక్క ప్లాజాలో పార్కింగ్ చూసుకునే ఒక ప్రైవేటు కంపెనీ నుంచి వచ్చింది. మే పదో తేదీన మీ కారు మా స్థలంలో అనుమతి లేకుండా నిలిపారు, పది రోజుల్లో ఎనభై అయిదు డాలర్లు కట్టకపోతే కోర్టుకి వెళతాం అని బెదిరింపు. చేత్తో రాసిన టికెట్టు నకలు కూడా జత చేశారు. అందులో కారు నంబరు, పక్కన 5/10 అని తేదీ, కింద కోడి గీకినట్టు ఓ సంతకం.

"ఏందిరా ఈ దోపిడీ! నేను కారు కొన్నదే ఆగస్టుల. గుడికి తీస్కపోయి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తిమి, నువ్వు కూడా ఉంటివి గదా. మే నెలల ఆ నంబర్ ప్లేటే పుట్టలే!"

"నంబరు తప్పు రాసుకుని ఉంటారు అన్నా. ఈ ఊళ్లో మనోళ్లందరివీ సిల్వర్ కామ్రీలే. ఏది ఎవరిదో ఎవడికి తెలుస్తుంది?"

"మరి నేనెందుకు కట్టాలె?"

"నీ హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు కదా. ఈ టైంలో కోర్టు కేసంటే..."

రఘువీర్ మళ్లీ ఉత్తరం వైపు చూశాడు. రెండు నెలలుగా ఆ కాగితం కోసమే రోజూ పోస్టు డబ్బా తెరిచి చూస్తున్నాడు. కట్టేస్తే నిజంగానే పీడా పోతుంది. కానీ చేయని తప్పుకి కట్టాలంటే ఒళ్లు మండిపోతోంది. పైగా శశికాంత్ తొందర కొరుకుడు పడటం లేదు.

"సరేగానీ, నీకెందుకురా అంత భయం?"

"మొన్న మా క్లాస్‌మేట్ ఒకడు గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తూ దొరికిపోయాడు. ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా వాడివి బయట పని చేస్తావా అని వారంలో ఇండియాకి పంపించేశారు. అప్పట్నించి కోర్టన్నా, పోలీసన్నా నాకు వణుకే అన్నా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వీడి వరస, అనుకున్నాడు రఘువీర్. పోనీ తాళంచెవి తీసుకుని చెప్పకుండా కారు వాడాడా అంటే, మే నెలలో కారే లేదాయె. ఎటు తిప్పినా లెక్క కుదరలేదు.

ఆ అనుమానంతోనే పంతం పెరిగింది. కారు కొన్న కాగితాలు జతచేసి కంపెనీకి ఈమెయిల్ కొట్టాడు. కొడుతూ పైకే చదివాడు.

"కోర్టుకే రండి. టికెట్టు రాసిన మనిషిని కూడా తోలుకరండి. లేని కారు వాని కంటికి ఎట్ల కనబడ్డదో జడ్జి ముందట చెప్పాలె. ఎట్లుందిరా?"

"అతన్ని లాగడం ఎందుకన్నా, పాపం?"

"పాపమేందిరా! నీ చుట్టమా?"

శశికాంత్ బ్యాగు తగిలించుకుని, రోజూ సాయంత్రం చెప్పినట్టే "లైబ్రరీకి వెళ్లొస్తా" అని వెళ్లిపోయాడు.

అయిదో రోజు జవాబొచ్చింది. టికెట్టు సరైనదే, శుక్రవారంలోగా కట్టకపోతే కేసు వేస్తాం, రాసిన మా ఉద్యోగే సాక్షిగా వస్తాడు అని.

"రానీ! దొంగ దొరికిండు!" రఘువీర్ బల్ల మీద చరిచాడు. "ఎక్స్‌టెన్షన్ సంగతి దేవుడెరుగు, వీని అంతు చూడందే వదల. శశీ, ఇయ్యాల వంటెవరిదిరా?"

శశికాంత్ సోఫాలో ముడుచుకుని కూర్చున్నాడు. "ఫ్రిజ్ మీదుంది, చూడన్నా," అన్నాడు నీరసంగా.

ఫ్రిజ్ తలుపు మీద వంట వంతుల కాగితం అంటించి ఉంది. శశికాంతే రాసిపెట్టాడు. 2/12 రఘన్న. 3/12 శశి.

"ఫిబ్రవరి పన్నెండునాడు వండాల్నా నేను?" అని నవ్వబోయాడు రఘువీర్.

నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఇవాళ డిసెంబరు రెండు. ఆరేళ్లుగా ఇక్కడుండి తన చెయ్యి నెల ముందు రాయడానికి అలవాటు పడింది. కొత్తగా వచ్చినవాళ్లు ఇంకా మన పద్ధతిలో తేదీ ముందు, నెల తర్వాత రాస్తారు.

టికెట్టు నకలు మళ్లీ తీశాడు. 5/10. మన లెక్కన మే పది కాదు, అక్టోబరు అయిదు. స్కూల్లో బతుకమ్మ ఆడిన ఆదివారం! అక్కడ చోటు దొరక్క కారు ఆ ప్లాజాలోనే పడేసి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి అద్దం మీద ఏదో కాగితముంటే పిజ్జా కూపన్ అనుకుని నలిపి పారేశాడు.

నకలు పట్టుకుని మళ్లీ ఫ్రిజ్ ముందుకు వచ్చాడు. ఒకసారి దాని మీది అంకెల్నీ, ఒకసారి వంతుల కాగితం మీది అంకెల్నీ చూశాడు. తర్వాత గదిలోకి వెళ్లి చెక్కుబుక్కు తెచ్చి, ఎనభై అయిదు డాలర్లకి చెక్కు రాసి సంతకం పెట్టాడు.

శశికాంత్ సోఫాలోంచి లేచాడు. "అదేంటన్నా? కోర్టుకి వెళతానన్నావుగా?"

"నేనొక్కణ్ణి పోతే సరిపోదు కదరా," అన్నాడు రఘువీర్, చెక్కు కవర్లో పెడుతూ. "టికెట్టు రాసినోనివి, నువ్వు కూడా రావాలె."